కళాశాలలకును పరీక్ష కలదు

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన వారము తిరుగకమునుపే మా చండ్రుగొండలో గోడలన్నియు కళాశాలల ప్రకటనలతో నిండిపోవును. కొత్తగూడెము, పాల్వంచ, సత్తుపల్లి, ఖమ్మము, అటుపైన హైదరాబాదు, ఇట్లు ఊరూరి కళాశాలలును మా అడవిపల్లెల పిల్లలకొఱకు చేతులు చాచును. ప్రతి కాగితముపైనను నవ్వు మొగముల బాలికల బొమ్మలు, వారి మార్కులు. వాని క్రింద లావు అక్షరములతో ‘న్యాక్ గుర్తింపు పొందినది’ అనియో ‘ఏ గ్రేడు కళాశాల’ అనియో యుండును. తునికాకు కోతల కాలమును, ఈ ఫలితముల కాలమును మావైపున ఒక్కటే. తెల్లవాఱుజామున ఆకునకుబోయి, మధ్యాహ్నము కట్టలు కట్టి, సాయంకాలము కూతురి దరఖాస్తు సంగతి విచారించు తల్లులు నేడు పెక్కుమంది గలరు.

అట్టి కోయ యిల్లాలొకతె నన్ను ఇట్లడిగినది: “అక్కా, ఒకదాని మీద ‘ఏ’ అని రాసిండ్రు, ఇంకోదాని మీద ‘బీ’ అని ఉంది. ఆ అచ్చరం వాళ్లకు ఎవ్వరిచ్చిండ్రు? వాళ్లంతల వాళ్లే రాసుకున్నరా?”

చదువుకొన్నవారమని చెప్పుకొను మనలో నెందఱమీ ప్రశ్న వేసితిమి? నెయ్యి కొనునపుడు ఆగ్మార్కు ముద్ర యున్నదా యని చూతుము. నగ కొనునపుడు హాల్మార్కు చూపుమందుము. మూడేండ్ల కాలమును, బిడ్డ భవిష్యత్తును, అప్పుదెచ్చిన సొమ్మును ధారవోయు చోట మాత్రము గోడమీది యక్షరమును నమ్మి ఊరకుందుము. ఆ యేడే మా మఱది కుమార్తెను డిగ్రీలో చేర్పవలసి యుండెను. నా చెల్లెలు ఒక కళాశాలలో అతిథి అధ్యాపకురాలుగా కొన్నియేండ్లు పనిచేసి ఈ గ్రేడు తతంగమును దగ్గఱనుండి చూచినది. కావున ఆ తల్లికి చెప్పిన సంగతులే, కొంత విస్తరించి, సోదరీమణులకు విన్నవించుచున్నాను.

ముందుగా మూడు మాటలను వేఱుచేసి చూచుకొనవలెను. అనుమతి యొకటి, అనుబంధమొకటి, యోగ్యతా గుర్తింపు మఱియొకటి. కళాశాల తెఱచుటకు ప్రభుత్వము అనుమతి నీయవలెను. పిమ్మట విశ్వవిద్యాలయమొకటి దానిని తన గొడుగు క్రిందికి దీసికొని, పాఠములు నిర్ణయించి, పరీక్షలు జరిపి, పట్టము నిచ్చును. మా ప్రాంతపు డిగ్రీ కళాశాలలకు 1976లో ఓరుగల్లున స్థాపింపబడిన కాకతీయ విశ్వవిద్యాలయము అట్టి గొడుగు. ఈ రెండును లేక కళాశాల నడుపనేరాదు. కనుక ‘ప్రభుత్వ అనుమతి కలదు, యూనివర్సిటీ గుర్తింపు కలదు’ అని ప్రకటించుకొనుట, మా వంటయింటిలో పొయ్యి కలదని చాటుకొనుట వంటిది. మూడవది యట్లు కాదు. కళాశాల యెట్లు నడచుచున్నదో బయటివారు వచ్చి, చూచి, లెక్కగట్టి చెప్పు మాట యది. న్యాక్ అనునది ఈ మూడవ జాతికి జెందినది.

గుర్తింపు చిక్కు మా ప్రాంతమునకు క్రొత్తదికాదు. గోదావరికి ఈవలనున్న మా పల్లెలు పూర్వము నిజాము రాజ్యములోనివి. ఆవలి గట్టున భద్రాచలము తూర్పుగోదావరి జిల్లాలో, అనగా ఇంగ్లీషువారి మదరాసు రాజధానిలో నుండెడిది. ఒక యేటికి రెండు గట్టులు, రెండు దొరతనములు, రెండు విశ్వవిద్యాలయములు. ఆవలివారికి మొదట మదరాసు, 1926 తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయము. ఈవలివారికి 1918లో ఏర్పడిన ఉస్మానియా. అచ్చట బోధన ఉర్దూలో జరిగెడిది గాన, ఆ పట్టమును బయటి రాష్ట్రములవా రంగీకరింతురా యను శంక పట్టభద్రులను వెన్నాడుచుండెడిది. ఇదియొక వింత: హైదరాబాదు నడిబొడ్డున నున్న నిజాము కాలేజి 1947 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకే అనుబంధమై యుండెను. సొంత రాజ్యములో సొంత విశ్వవిద్యాలయముండగా పరాయి ముద్ర కొఱకు పాకులాట ఏల? ఆ ముద్ర చెల్లుబడి యగు చోట్లు ఎక్కువ గనుక. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడినది, 1959లో భద్రాచలము వచ్చి దానిలో కలిసినది. 2016లో మా చండ్రుగొండ భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి బోయినది. సరిహద్దులు మాఱినవి గాని, ‘ఈ చదువు ఎంతదూరము చెల్లును?’ అను ప్రశ్న మాఱలేదు.

ఇక న్యాక్ అననేమి? దాని పూర్తి పేరు నేషనల్ అసెస్‌మెంట్ అండ్ అక్రెడిటేషన్ కౌన్సిల్. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., దీనిని 1994లో నెలకొల్పినది. ప్రధాన కార్యాలయము బెంగుళూరులో నున్నది. తొలినాళ్లలో ఇష్టమున్న కళాశాలలే పరీక్షకు నిలిచెడివి. ఇష్టపడనివే యెక్కువ యగుటచేత యు.జి.సి. వారు 2012 నాటి నిబంధనలలో దీనిని తప్పనిసరి చేసిరి. 2013లో మొదలైన రాష్ట్రీయ ఉచ్చతర శిక్షా అభియాన్ నిధులకును ఈ గ్రేడునకును ముడివేసిరి. అప్పటినుండి, గ్రేడు లేని ప్రభుత్వ కళాశాలకు క్రొత్త గదులకు సొమ్ము దొరకుట దుర్లభమైనది. ఇంతటి పట్టు దానికి వచ్చినది ఈ ముడిచేతనే.

పరీక్షకు నిలువవలెనన్న కళాశాల స్థాపింపబడి ఆఱేండ్లయినను గావలెను, లేదా రెండు తరగతుల విద్యార్థులైనను చదువు ముగించి వెలుపలికి బోయి యుండవలెను. మొదట కళాశాలయే తనను గూర్చి తాను ఒక పెద్ద నివేదిక వ్రాసికొనును. దానిని స్వీయ అధ్యయన నివేదిక యందురు. బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు చేయు సహాయము, పరిపాలన మొదలైన ఏడు శీర్షికల క్రింద అయిదేండ్ల లెక్కలు చూపవలెను. 2017లో వచ్చిన పద్ధతిలో అనుబంధ కళాశాలలకు మొత్తము 1000 మార్కులు. అందులో 350 ఒక్క బోధనాభ్యసనముల శీర్షికకే. ఇది న్యాయమే యని నా యభిప్రాయము. ఎందఱు పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు? ఆ ఉపాధ్యాయులలో స్థిరమైనవారెందఱు? రిజర్వు సీట్లలో ఎన్ని నిండినవి? పరీక్ష నెందఱు గట్టెక్కిరి? ఇటువంటి ప్రశ్నలు అందుండును.

ఆ లెక్కలు నిజమా యని వేఱొకరు కాగితములు తెప్పించి సరిచూతురు. విద్యార్థులకు నేరుగా ప్రశ్నావళి పంపి, మీ ఉపాధ్యాయులు సిద్ధపడి వచ్చుచున్నారా, పాఠములు పూర్తియగుచున్నవా యని యడుగుదురు. ఇంతవఱకు కనీసపు మార్కులు దక్కినగాని కమిటీ గడప త్రొక్కదు. దక్కిన పిమ్మట ఇతర రాష్ట్రములనుండి ఆచార్యులు వచ్చి, రెండుమూడు దినములుండి, తరగతి గదులు, గ్రంథాలయము, మరుగుదొడ్లు చూచి, పిల్లలతోను తలిదండ్రులతోను పూర్వ విద్యార్థులతోను మాటలాడుదురు. అంతయు గూడి నాలుగు పాయింట్లకు లెక్క. 3.51 మొదలు ఆపైన ఏ ప్లస్ ప్లస్, 3.01 మొదలు 3.25 వఱకు ఏ, 2.01 మొదలు 2.50 వఱకు బీ; 1.51 మొదలు 2.00 వఱకు సీ. 1.50కి మించనిది డీ. అనగా గుర్తింపు లేనట్లే.

ఈ యంకెలను గమనించినచో నొక సంగతి బోధపడును. 3.00 తెచ్చుకొన్న కళాశాల బీ ప్లస్ ప్లస్, 3.01 తెచ్చుకొన్నది ఏ. వెంట్రుకవాసి భేదమునకు గోడమీద పెద్ద యక్షరము మాఱిపోవును. అదియునుగాక ఈ గ్రేడు కళాశాల కంతకును ఒక్కటే. ఏ గ్రేడు కళాశాలలో మీ అమ్మాయి చేరదలచిన వృక్షశాస్త్రమునకు ఉపాధ్యాయుడే లేకపోవచ్చును. బీ గ్రేడు కళాశాలలో ఆ శాఖయే దివ్యముగా నుండవచ్చును. ఇంజనీరింగు చదువులలో మాత్రము ఒక్కొక్క శాఖకు వేఱుగా గుర్తింపు నిచ్చు నేషనల్ బోర్డు ఆఫ్ అక్రెడిటేషన్ కలదు. 2014లో అది వాషింగ్టన్ ఒప్పందమున పూర్తి సభ్యత్వము పొందినది గాన, దాని గుర్తింపు పొందిన శాఖల పట్టములు ఇతర సభ్యదేశములలోను లెక్కకు వచ్చును.

ఇప్పుడు నా చెల్లెలి కథ. ఆమె పనిచేసిన కళాశాల పేరు చెప్పను. కమిటీ వచ్చుటకు నలువది దినములు ముందు అచ్చట పెండ్లిచూపుల సంబరము మొదలైనదట. గోడలకు సున్నములు, గుమ్మములకు తోరణములు, అద్దెకు దెచ్చిన పూలకుండీలు. అంతయు బాగుగనే యున్నది; అతిథులు వచ్చునపుడు ఇల్లు శుభ్రపఱచుకొనుట తప్పా? తప్పు తరువాత వచ్చినది. అయిదేండ్లనుండి జరుగని సమావేశములకు తీర్మానములు వ్రాయుమనిరి. ఎన్నడును కూడని తలిదండ్రుల సభకు హాజరుపట్టీ సిద్ధముచేయుమనిరి. ఒకే చేతివ్రాత కనబడకుండుటకై నాలుగు రంగుల కలములు పంచిపెట్టిరట! నెలకు రాక రాక వచ్చు జీతమునకు పనిచేయు అతిథి అధ్యాపకులు కాదనగలరా? కొందఱు వ్రాసిరి. నా చెల్లెలు వ్రాయలేదు. ‘నాకు తెలిసినది వేఱొకటి కలదు, అది చూపుదును’ అని, తన పుస్తకమొకటి తెచ్చి బల్లమీద పెట్టినది.

ఆ పుస్తకములో నున్నదేమి? నడుమ చదువు మానిన ఆడపిల్లల పేర్లు. ఎవ్వరెప్పుడు మానిరి, ఏల మానిరి, తరువాత తిరిగివచ్చిరా. ఒకతెకు పెండ్లియైనది. ఒకతె ఊరికి సాయంకాలపు బస్సు తీసివేసిరి. ఒకతె తల్లి జబ్బు. ఇద్దఱు మిరపకోతలకు బోయి పరీక్ష రుసుము గడువు దాటించుకొనిరి. ఆమె ఇండ్లకు బోయి పిలిచికొని వచ్చినవారు పదునొకండుగురు. కమిటీలోని ఒక పెద్దమ్మగారు, ఏ రాష్ట్రమువారో, ఆ తెలుగువ్రాత చదువలేక, ఒక విద్యార్థినిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని పేరుపేరునకు అర్థము చెప్పించుకొనెనట. ఆ కళాశాలకు వచ్చిన గ్రేడు సామాన్యమైనదే. పై యధికారులు నా చెల్లెలిని మెచ్చుకొననులేదు, మరుచటియేడు కొనసాగింపనులేదు. ఇప్పుడామె ఒక గురుకులములో చెప్పుచున్నది. ఆ పుస్తకము మాత్రము ఆ కళాశాలలోనే యుంచి వచ్చినది, తరువాత వచ్చువారు వ్రాయుదురేమోయని.

గుర్తింపు సంపాదించుట యెంతో, నిలుపుకొనుట అంతకు మించిన పని. గ్రేడు ఆయువు అయిదేండ్లు. అత్యున్నత శ్రేణిలో వరుసగా రెండుమార్లు నిలిచి, మూడవమాఱును నిలిచినవారికి ఏడేండ్లు. ఈలోపల ప్రతి కళాశాలలోను అంతర్గత నాణ్యతా విభాగమను సంఘమొకటి పనిచేయుచు, యేటేట ఒక నివేదిక న్యాక్‌వారికి పంపవలెను. అవి పంపని కళాశాల తరువాతి పరీక్షకు నిలువలేదు. వచ్చిన గ్రేడు తక్కువయని తోచినచో ఒక యేడాగి మరల పరీక్షింపుమని కోరుకొనవచ్చును. మనయింటి లెక్కలపుస్తకము వంటిదే యిది: ఏనాటి ఖర్చు ఆనాడు వ్రాసినచో సంవత్సరాంతమున నడుము విఱుగదు, వ్రాయక విడిచినచో ఉగాదినాడు ఊహించి వ్రాయవలసి వచ్చును. నలువది దినముల హడావిడి చేయు కళాశాలలు అయిదేండ్ల పని చేయనివి యని తెలిసికొనవచ్చును.

అయినను ఒక్క మాట. మా అడవి అంచున నున్న ప్రభుత్వ కళాశాలలకును, హైదరాబాదులోని ధనిక కళాశాలలకును ఒకే తూకపురాయి వేయుట సబబా? పరిశోధనా పత్రములు, విదేశ ఒప్పందములు, పెద్ద సంస్థలలో ఉద్యోగములు అను గడులలో మావారు సున్నలు వేసికొనవలసినదే. ఇంటిలో మొదటితరమున కాలేజి గడప త్రొక్కిన కోయ, లంబాడీ బాలిక మూడేండ్లు నిలిచి పట్టము చేతబట్టుకొనుట ఏ గడిలో వ్రాయుదురు? విద్యార్థి సహాయము, సామాజిక విలువలు అను శీర్షికలలో కొంత చోటున్నమాట నిజము. అది చాలదని నా మొఱ. సీ గ్రేడు తెచ్చుకొన్న పల్లెటూరి కళాశాల నవ్వులపాలగుచున్నది. పిల్లలు చేరరు, చేరనందున ఉపాధ్యాయుల నీయరు, ఉపాధ్యాయులు లేనందున గ్రేడు మఱింత పడును. ఈ సుడిలో మునుగునది కళాశాల యొకటియే కాదు. హాస్టలు ఖర్చు పెట్టి దూరమునకు పంపలేని ఇంటి ఆడపిల్ల చదువు దానితోబాటు మునుగును.

అమెరికాకు పిల్లలను పంపువారు మాలో కొలదిమందియే యైనను, తెలుగునాట నేడు ఆ సంగతి రానియిల్లు లేదు గాన, అచ్చటి మాటయు కొంత చెప్పవలెను. ఆ దేశములో కళాశాలలకు గుర్తింపు నిచ్చునది ప్రభుత్వము కాదు. 1885లో న్యూ ఇంగ్లండు ప్రాంతపు పాఠశాలలును కళాశాలలును కూడి ఒక సంఘముగా నేర్పడినవి. తరువాత ఇతర ప్రాంతములవారును అట్లే చేసికొనిరి. ప్రాంతీయ గుర్తింపు అను మాట అట్లు పుట్టినది. స్వీయ నివేదిక, తోటివారి పరిశీలన, కొన్నియేండ్ల గడువు, ఈ మూడును అచ్చటను గలవు. ప్రభుత్వము ఆ సంఘములలో ఏవి నమ్మదగినవో మాత్రము నిర్ణయించును. నమ్మదగిన సంఘపు గుర్తింపు లేని కళాశాల విద్యార్థికి సర్కారు అప్పు పుట్టదు. ప్రాంతములవారీ హద్దులను 2020లో అచ్చటి ప్రభుత్వము తన నియమములనుండి తొలగించినది.

ఇంత కట్టుదిట్టము గల చోటనే మనపిల్లలు దెబ్బతినిరి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడిచేసినపుడు అందలి విద్యార్థులలో అధికులు ఆంధ్రప్రదేశమువారే. కొందఱి చీలమండలకు రేడియో పట్టీలు తొడిగిరి. ఆ బొమ్మలు పత్రికలలో చూచి ఏడ్వని తల్లి లేదు. తన చదువును మఱి మూడు గుర్తింపు గల విశ్వవిద్యాలయములు అంగీకరించునని అబద్ధపు కాగితములు చూపియే ఆ సంస్థ పిల్లలను పిలిపించుకొన్నది. దాని యజమానురాలికి 2014లో పదునాఱేండ్లకు మించిన కారాగారశిక్ష పడినది. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ కథ మఱియు విపరీతము. తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. అది వలస నియమముల నతిక్రమించువారిని పట్టుకొనుటకు ప్రభుత్వ గూఢచారులే తెఱచిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయము. గుర్తింపు గల సంస్థల పట్టికలో దాని పేరును చేర్చి యుంచిరి! అందు చిక్కినవారిలో తెలుగు పిల్లలే పెక్కుమంది. చదువకుండ పనిచేసికొనవచ్చునను ఆశతో తెలిసి చేరినవారు కొందఱు గలరేమో. పట్టికను నమ్మి చేరినవారును గలరు. పట్టికను నమ్ముటయే పొరపాటని ఏ తల్లికి తెలియును?

మనదేశమున మాత్రము అంతయు నిర్మలమని యనుకొనరాదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతపు ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు నిచ్చుటకై లంచము పుచ్చుకొనిరను ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందపు అధ్యక్షుని, కొందఱు సభ్యులను సి.బి.ఐ. వారు అరెస్టు చేసిరి. సున్నము, తోరణము, పూలకుండీ దాటి మూటలదాక పోయినదన్నమాట. ఈ యక్షరముల పోటీయే ఇంతకు దెచ్చినదను వాదము అంతకుముందే యున్నది. డాక్టరు కె. రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన కూడిన సంఘము సూచనలను బట్టి, ఏ, బీ, సీ లను తీసివైచి, ‘గుర్తింపు కలదు’ లేక ‘లేదు’ అను రెండే మాటలు చెప్పు పద్ధతి తెత్తుమని 2024 జనవరిలో న్యాక్‌వారు ప్రకటించిరి. దీనివలన చిన్న కళాశాలల తలవంపులు తగ్గవచ్చును. కాని కడు మంచిదానిని, కేవలము గట్టెక్కినదానిని ఒకే మాటతో చెప్పినచో తల్లి దేనిని జూచి యెన్నుకొనును? ఈ విషయమున నాకింకను మనస్సు కుదురుపడలేదు.

మా అమ్మాయి కొఱకు నేను చేసిన పని చెప్పెదను. కాగితముపై యక్షరమును ప్రక్కకు నెట్టి, ఆ గ్రేడు ఏ సంవత్సరమున వచ్చినదో, ఎన్నటితో ముగియునో చూచితిని. ఒక కళాశాలవారి గ్రేడు కాలము తీఱి చాలనాళ్లైనది. బల్ల మాత్రము నిగనిగలాడుచున్నది. స్వీయ నివేదికయు, కమిటీవారి నివేదికయు, యేటేటి నివేదికలును కళాశాల తన వెబ్‌సైటున అందఱికి కనబడునట్లు ఉంచవలెను. అవి ఇంగ్లీషులో నుండును గాన పిల్లచేతనే చదివించితిని, అదియొక పాఠమైనది. కమిటీవారి నివేదిక చివర కళాశాల బలములు, బలహీనతలు విడివిడిగా వ్రాసియుండును. ప్రకటనలలో బలములే యుండును గాన మేము బలహీనతలనుండియే చదువ మొదలిడితిమి. ఒకదానిలో ‘స్థిర ఉపాధ్యాయులు తక్కువ’ అనియు, మఱియొకదానిలో ‘బాలికలకు వసతిగృహము లేదు’ అనియు నుండెను.

తరువాత రెండు కళాశాలలకు స్వయముగా పోయితిమి. మొదటిదానిలో నివేదిక సంగతి యడుగగా గుమాస్తా నావంక వింతగా జూచి, “అవన్నీ మీకెందుకమ్మా, ఫీజు కట్టండి, సీటు అయిపోతది” అనెను. రెండవది చిన్న ప్రభుత్వ కళాశాల. అచ్చటి గ్రంథాలయమున ఒక అధ్యాపకురాలు ఫైలు తీసి ముందు బెట్టి, “ఇదిగోనమ్మా, మాకు బీ వచ్చింది. ఎందుకు తగ్గిందో ఈ పేజీలో ఉంది. ప్రయోగశాల అప్పటికి లేదు, ఇప్పుడు కట్టారు, చూస్తారా?” అనెను. చూచితిమి. బల్లలు క్రొత్తవి; గాజుసీసాలు మాత్రము ఇంకను పెట్టెలలోనే యున్నవి. వానిని విప్పు ఉపాధ్యాయుడు జూలైలో వచ్చునని చెప్పిరి. మా మఱది పెదవి విఱిచెను. పిల్ల మాత్రము సాయంకాలపు బస్సు వేళ యడిగి, మా ఊరికి చీకటిపడకమునుపే చేరుదునని లెక్కవేసికొని, ఇచ్చటనే చేరుదుననెను.

దోస్తు దరఖాస్తులో ఆ కళాశాలనే మొదట పెట్టితిమి, సీటు వచ్చినది. ఉపాధ్యాయుడు జూలైలో రాలేదు, సెప్టెంబరులో వచ్చెను. కోయ యిల్లాలి కూతురును అచ్చటనే చేరినది. ఇద్దఱును ఒకే బస్సులో పోవుచున్నారు. ఆ కళాశాల గ్రేడు గడువు వీరు మూడవయేడు చదువుచుండగా ముగియును. మరల పరీక్ష వచ్చినచో విద్యార్థుల కడుగు ప్రశ్నలు వీరికిని వచ్చును. గాజుసీసాలు ఎన్నినాళ్లు పెట్టెలలో నుండినవో తారీఖుతోసహా ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచినదట మా అమ్మాయి; నా చెల్లెలు నేర్పినది కాబోలు.